నాలుగు స్వరాల తగాదా

మా నందిగాంలో రేడియోలో భక్తిరంజని వస్తుంటే, పొలానికి పోయేవాళ్లు గడపలో ఒక నిమిషం నిలబడి వినడం చిన్నప్పుడు చూశాను. ఆ గొంతు మంగళంపల్లి బాలమురళీకృష్ణది. దాన్ని మెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే ఆ గొంతును తయారుచేసిన శిక్షణకు ఒక చరిత్ర ఉంది. మన విమర్శకులు దాని జోలికి పోలేదు.

ఆయన 1930లో తూర్పుగోదావరి శంకరగుప్తంలో పుట్టాడు. తండ్రి వేణువు విద్వాంసుడు, తల్లి వైణికురాలు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయనకు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయనకు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆ పైన త్యాగరాజు. పట్టా భూమిలా చేతులు మారుతూ వచ్చిన విద్య ఇది. ప్రతిభను కాదనను. ఎనిమిదో ఏటనే కచేరీ చేసినవాడు, 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టి 1952లో 'జనకరాగ కృతి మంజరి' వేసినవాడు. కాని అంత ప్రతిభా ఉద్దానం జీడితోటలో కూలి ఇంట పుడితే ఏ గురువు గడప తొక్కేది? 1919లో విజయనగరంలో రాజావారు సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. దాని తలుపు సైతం అందరికీ ఒకేలా తెరుచుకోలేదు.

బాలమురళి తిరుగుబాటుదారే. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్న కట్టును తెంచి, షడ్జమ గాంధార పంచమ నిషాదాలతోనే 'మహతి' పాడాడు. 1980ల మొదట్లో వీణ ఎస్. బాలచందర్ దానిమీద పెద్ద తగాదాకు దిగాడు. ఇది రాగమేనా, కనిపెట్టింది ఇతనేనా అన్నది గొడవ. నాకు నవ్వొచ్చింది. మూడు నాలుగు స్వరాల మీదే నిలిచే పాటలు ఊడుపు మళ్లలో ఎన్ని లేవు! వాటి కర్త ఎవరని ఏ సభా అడగలేదు.

పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఎత్తుకున్నది సరిగ్గా ఆ లోక సంగీతాన్నే. ఎల్లమ్మ కథలు చెప్పే జముకును గిరిజన రైతాంగ పోరాటానికి తెచ్చాడు. 1969 డిసెంబర్ 22న రంగమటియా కొండల్లో పోలీసులు ఆయన్ని చంపేశారు. బాలమురళి 2016లో చెన్నైలో కన్నుమూసే నాటికి ఆయన కృతులు స్వరలిపితో, రికార్డులతో భద్రంగా ఉన్నాయి. అది న్యాయమే.

మరి మనం? పాణిగ్రాహి మాటలు అచ్చువేశాం, సభల్లో పాడాం, వ్యాసాలు రాశాం. బాణీ మాత్రం విన్నవాళ్ల గొంతులకే వదిలేశాం. కథ ఎక్కడ వేగం పుంజుకునేది, ఏ మాట దగ్గర తీగ మీటు ఆగేది అడిగి రాసుకోవడానికి ఉద్దానం ఊళ్లలో ఆ ముసలివాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లు మనలో ఎందరు?