పొట్లంలో పప్పు

బెంగళూరులో మయ్యా కుటుంబం 1924లో మొదలుపెట్టిన చిన్న హోటలే తర్వాత ఎంటీఆర్ అయింది. రెండో ప్రపంచయుద్ధంలో బియ్యం దొరక్క అక్కడి వంటవాళ్లు రవ్వతో ఇడ్లీ వేశారు. ఈ రోజు మన ఇళ్లలో వండే రవ్వ ఇడ్లీ ఆ కరువులో పుట్టిందేనని చెబుతారు.

అసలు మలుపు ఎమర్జెన్సీ రోజుల్లో వచ్చింది. హోటళ్లలో ధరలను ప్రభుత్వం ఖర్చులకు కూడా చాలనంతగా తగ్గించింది. నాణ్యత తగ్గించడానికి యాజమాన్యం ఒప్పుకోలేదు, హోటల్ మూతపడింది. పనివాళ్లకు ఉపాధి పోకూడదని రవ్వ ఇడ్లీ పిండి లాంటి మిక్స్‌లు, మసాలా పొడులు కలిపి అమ్మడం మొదలుపెట్టారు. తెచ్చి, పెరుగు కలిపి, ఆవిరికి పెడితే టిఫిన్ సిద్ధం. పొయ్యి దగ్గర గంటలు గడిపే ఆడవాళ్లకు అది నిజమైన ఊరట.

మిక్స్‌తో పిండి పని తప్పింది గానీ వంట తప్పలేదు. వండిన కూరనే నిల్వ చేయడం మన దేశంలో మైసూరు రక్షణ ఆహార పరిశోధనశాల సాధించింది. 1961లో సైనికుల కోసం ఏర్పాటైన సంస్థ అది. అల్యూమినియం పొర ఉన్న పొట్లంలో పప్పు నింపి, గాలి తీసి, అంచులు అతికించి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో దాదాపు 121 డిగ్రీల వేడికి ఉంచుతారు. క్రిములు చస్తాయి, ఫ్రిజ్ లేకపోయినా, నిల్వ మందులు కలపకపోయినా నెలల తరబడి పాడవదు. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షానికి పట్టుకెళ్లిన మన వంటలూ ఆ పరిశోధనశాలవే.

తర్వాత ఆ పరిజ్ఞానం కంపెనీల చేతికొచ్చింది. సరిహద్దు సైనికుడి కోసం తయారుచేసిన పొట్లాన్ని ఇప్పుడు డాలస్‌లో, రాత్రి డ్యూటీ నుంచి ఇంటికొచ్చిన తెలుగువాళ్లు వేడినీళ్లలో వేసి, అందులోని పప్పును అన్నంలో కలుపుకుంటున్నారు.