పడమరకు కదిలిన డెల్టా



మా తోట్లవల్లూరు వైపు పెళ్ళి పందిట్లో కూర్చుంటే, "మేం క్యాంపు నుంచి వచ్చామండీ" అనే కుటుంబం ఒకటైనా తగులుతుంది. క్యాంపంటే మిలిటరీ వాళ్ళది కాదు. కర్ణాటకలో గంగావతి, సింధనూరు చుట్టుపక్కల మనవాళ్ళు కట్టుకున్న ఊళ్ళకి ఆ పేరు. మొదట్లో పాకలు, గుడారాలు వేసుకుని దిగారు గనుక క్యాంపులన్నారు. తర్వాత మేడలు లేచినా పేరు మాత్రం పోలేదు. ఇంకొందరు "బోధన్ నుంచి", "వర్ని నుంచి" అంటారు. ఇంటిపేర్లు మనవే, గోంగూర పచ్చడీ మనదే. పిల్లలు మాత్రం కన్నడం గడగడా మాట్లాడేస్తుంటారు.

వీళ్ళు అంతంత దూరం ఎందుకు వెళ్ళారు, వెళ్ళి ఎలా బాగుపడ్డారు అన్నది మనం తరచు చెప్పుకునే కథే. వీళ్ళు వెళ్ళినందువల్ల అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళకు ఏమైంది అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఇవాళ ఆ రెండూ కలిపి చెప్పుకుందాం.

అమెరికా చరిత్ర చదివిన పిల్లలనడగండి, "పడమటి విస్తరణ" అని ఒక పెద్ద పాఠం ఉందంటారు. 1803లో అమెరికా ప్రభుత్వం ఫ్రాన్సు దగ్గర మిసిసిపీ నదికి పడమట ఉన్న విశాలమైన ప్రాంతాన్ని కోటీ యాభై లక్షల డాలర్లకు కొన్నది. 1862లో ఒక చట్టం చేసి, అయిదేళ్ళు కాపురముండి సాగుచేసిన వాళ్ళకి 160 ఎకరాలు దాదాపు ఉచితంగా ఇస్తామన్నారు. 1869లో సముద్రం నుంచి సముద్రం దాకా రైలు కలిసింది. జనం బళ్ళు కట్టుకుని పడమరకు సాగారు. గోధుమ పండింది, పట్నాలు లేచాయి, దేశం సంపన్నమైంది. అయితే ఆ నేల ఖాళీగా ఉన్నది కాదు. ఆదివాసులను తరిమివేయడానికి 1830లోనే ఒక చట్టం వచ్చింది. చట్టంతో కొంత, సైన్యంతో కొంత వాళ్ళను వెళ్ళగొట్టి, మిగిలిన వాళ్ళను ఇరుకు హద్దుల్లో కూర్చోబెట్టి ఆ 160 ఎకరాలు పంచారు. కొత్త భూమి అంటే ఎప్పుడూ ఎవరిదో ఒకరి పాత భూమే!

ఇక మన కథకు వద్దాం. 1832–33లో వచ్చిన కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత చాలాకాలానికి కాటన్ దొర పట్టుదల వల్ల 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి, మెట్ట మాగాణి అయింది. మూడు తరాలు తిరిగేసరికి డెల్టా రైతుకి కాలవ నీటితో వరి పండించడం వెన్నతో పెట్టిన విద్య అయింది. కాని భూమి పెరగదు కదా. అన్నదమ్ములు పంచుకున్న కొద్దీ పొలం మడిచెక్కలైంది, ఎకరం ధర ఆకాశానికంటింది. 1929 తర్వాత ధాన్యం ధరలు పడిపోయి అప్పులు మీదపడ్డాయి. అప్పుడు చూపు పడమరకు తిరిగింది.

ముందుగా పిలిచింది నిజామాబాద్ జిల్లా. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలని దాని ఉద్దేశం. 1937లో బోధన్‌లో పంచదార ఫ్యాక్టరీ కూడా వచ్చింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడికి వెళ్ళి భూములు కొన్నారు. తెలంగాణలో వీళ్ళ ఊళ్ళను "గుంటూరు పల్లెలు" అనడం అలా వచ్చిందే.

రెండవది తుంగభద్ర. 1945లో హోస్పేట దగ్గర ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 1953లో నీళ్ళు వదిలారు. ఎడమ కాలవ కింద ఉన్నది ఎక్కువగా నల్లరేగడి. వానమీద ఆధారపడి జొన్న, పత్తి పండించుకునే ప్రాంతం. మనవాళ్ళు గుంటూరులో మీటర్ గేజి రైలెక్కి నంద్యాల, గుంతకల్లు మీదుగా హోస్పేట చేరేవారు. ఇక్కడ ఒక ఎకరం అమ్మితే అక్కడ ఎన్నో ఎకరాలు వచ్చేవి. అలా గంగావతి దగ్గర శ్రీరాంనగర్ వంటి ఊళ్ళు లేచాయి.

అక్కడివాళ్ళు ఎందుకు అమ్మారు అంటారా? కాలవ వచ్చినంత మాత్రాన పొలం పండదు. నేల చదును చేయాలి, గట్లు వేయాలి, బోదెలు తవ్వాలి. ఎరువులకు, ఎడ్లకు డబ్బు కావాలి. రెండు మూడేళ్ళు కాచుకునే ఓపిక కావాలి. అప్పుల్లో ఉన్న మెట్ట రైతుకి అదెక్కడిది? కొంత అమ్మి మిగిలింది బాగుచేసుకుందామనుకున్నారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మనవాళ్ళు తుపాకీ పట్టుకుని వెళ్ళలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో డబ్బు చెల్లించి కొన్నారు. అమెరికాకీ మనకీ ఉన్న పెద్ద తేడా అది. కాని చెల్లించిన ధర నీళ్ళు రాకముందు మెట్ట ధర. అనుభవించిన ఫలం నీళ్ళు వచ్చిన తర్వాత మాగాణి ఫలం. ఆ నడుమ తేడా ఎంతో, నీటి విలువ తెలిసినవాడికే తెలుసు. నిలదొక్కుకుని తామూ వరి వేసి బాగుపడిన స్థానిక రైతులు చాలామంది ఉన్నారు. అమ్ముకున్న పొలంలోనే కూలికి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇక ఆడవాళ్ళ సంగతి. పాకలో కాపురం, కాలవ నీళ్ళు కాచుకుని తాగడం, మలేరియా జ్వరాలు, పాములు. పురుటికి ఏడో నెలలోనే రైలెక్కి పుట్టింటికి రావలసిందే. అక్కడి పేద ఇళ్ళ ఆడవాళ్ళకి వేరే మార్పు వచ్చింది. జొన్నచేలో కలుపు తీసిన చేతులు మోకాటి లోతు బురదలో ఊడ్పులు నేర్చుకున్నాయి. కూలి దినాలు పెరిగాయి, చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. జొన్నరొట్టె తినే ఇళ్ళలో అన్నం వండడం మొదలైంది. ఇప్పుడు మనమే షుగరు భయంతో జొన్నరొట్టెలు వెతుక్కుంటున్నాం, అది వేరే సంగతి!

ఊళ్ళ స్వరూపం మారింది. రైసు మిల్లులు, ఎరువుల కొట్లు, బ్యాంకులు, కాలేజీలు వచ్చాయి. గంగావతి ప్రాంతాన్ని కర్ణాటకకు ధాన్యాగారం అంటున్నారు. మన బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి అక్కడ విరివిగా పండింది. అయితే ఆ కాలవ కింద ఎక్కువభాగం ఆరుతడి పంటలకే అని ప్రభుత్వం లెక్క వేసింది. కొద్ది నీళ్ళు ఎక్కువమందికి అందాలని ఆ లెక్క. కాలవ మొదట్లో పొలాలున్నవాళ్ళు, మనవాళ్ళూ వాళ్ళను చూసి స్థానికులూ, వరే వేశారు. పైన నీళ్ళు నిలిచి కొన్ని పొలాలు చౌడెక్కాయి. కింద మాన్వి వంటి శివారు ప్రాంతాలకు నీళ్ళు సరిగా చేరలేదు. శివారు రైతు బాధ ఎటువంటిదో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తుంగభద్ర వచ్చి కలిసేది మన కృష్ణలోనే. పైన వాడుకున్న ప్రతి చుక్కా దివిసీమకు రాని చుక్కే.

1956లో రాష్ట్రాలను పునర్విభజించినప్పుడు రాయచూరు జిల్లా చాలావరకు మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. రాత్రికి రాత్రి మనవాళ్ళు మైసూరు రాష్ట్రం వాళ్ళయ్యారు. తెలంగాణలో 1969 ఉద్యమంనాడు "మీరు ఎక్కడివాళ్ళు?" అన్న ప్రశ్న గట్టిగా వినబడింది. అడిగినవాళ్ళ బాధలో న్యాయముంది. అక్కడే పుట్టి పెరిగిన పిల్లల బెంగలోనూ న్యాయముంది.

ఒక్కమాట మన ఇళ్ళ గురించి. అమెరికాలో 1862 చట్టం కింద పెళ్ళికాని ఆడపిల్లలు, వితంతువులు కూడా తమ పేరున భూమి పొందారు. పడమటి వ్యోమింగ్ 1869లోనే స్త్రీలకు ఓటిచ్చింది. మన దగ్గర ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇవ్వడం పాత ఆచారం. అది అమ్మి పడమట పొలం కొన్న ఇళ్ళలో ఒకసారి అడిగి చూడండి: ఆ కొత్త దస్తావేజు మీద ఎవరి పేరుంది? కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, కర్ణాటకలో 1994 నుంచి, దేశమంతటా 2005 నుంచి ఉంది. చట్టం మారినా ఆ ప్రశ్న పెద్దలనడగడానికి ఇప్పటికీ మొహమాటపడుతున్నాం.

తుంగభద్ర జలాశయం మొదట్లో 133 టి.ఎం.సి.లు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లరకి వచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే రెండు రాష్ట్రాల రైతులూ గుండెలు అరచేత పట్టుకున్నారు. ఆ రాత్రి క్యాంపు వాళ్ళకీ, శివారు వాళ్ళకీ దిగులు ఒక్కటే.

మన పెద్దవాళ్ళు చెమటోడ్చిన మాట నిజం. పక్కవాడి చేను చేతులు మారిన మాటా నిజమే. పిల్లలకు "తాతగారు ఒట్టి బీడు కొని బంగారం పండించారు" అని చెప్పేటప్పుడు, ఆ బీడును అంతకుముందు ఎవరు దున్నేవారో కూడా ఒక్కమాట చేర్చి చెప్పండి. కథ తక్కువైపోదు, పూర్తవుతుంది.