మింజూరు పరిసరాలు: ఉపగ్రహ చిత్రాలతో పర్యావరణ అధ్యయనం

మింజూరు తమిళనాడులో తిరువళ్లూరు జిల్లాకు చెందిన పట్టణం. ఆరణియార్, కొసస్థలైయార్ నదుల దిగువ మైదానంలో, చెన్నైకి ఉత్తరాన ఉంది. ఉత్తరాన పులికాట్ సరస్సు, దక్షిణాన ఎన్నూరు క్రీక్. వరిమళ్లు, చిత్తడి నేలలు, రొయ్యల చెరువులు, ఉప్పుమళ్లు, ఓడరేవులు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఈ తీరంలో మార్పులను నేల మీద నడిచి మాత్రమే పట్టుకోవడం కష్టం. అందుకే ఉపగ్రహ చిత్రాలు అవసరం.

మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని తెరపై ఎరుపుగా చూపిస్తే మడ చెట్లు ముదురెరుపుగా వెలుగుతాయి. ఆ కాంతిని పీల్చుకునే నీరు నల్లబడుతుంది. రొయ్యల చెరువులను వాటి తిన్నని గట్లే పట్టిస్తాయి. అయితే చిన్న వాగు లేదా సన్నని మడ వరస భారత ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరా తీసే 23.5 మీటర్ల స్పష్టత గల చిత్రంలో కలిసిపోవచ్చు. ఐరోపా ఉపగ్రహం సెంటినల్-2 ఇచ్చే 10 మీటర్ల చిత్రం ఇక్కడ ఎంతో మేలు. 1972లో మొదలైన అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పాత చిత్రాలతో పోల్చి దశాబ్దాల మార్పును కొలవవచ్చు. భారత ఉపగ్రహాల సమాచారాన్ని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అందిస్తుంది. 2009లో వచ్చిన భువన్ పోర్టల్‌లో పటాలు ఎవరైనా చూడవచ్చు.

మింజూరు అసలు సమస్య మాత్రం భూమి లోపల ఉంది. విపరీతంగా తోడడంతో భూగర్భజలాల్లోకి సముద్రపు నీరు చొరబడింది. దాన్ని ఈ చిత్రాలు నేరుగా చూపలేవు. బావి నీటిలో ఉప్పుశాతం కొలిచి, ఆ బావుల స్థానాలను జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) పటంపై గుర్తించి, సాగు, చెరువుల పొరలతో కలిపి చూడాలి.