‘డిస్కవరు’ అను మాట

సి. పి. బ్రౌను దొర వేమనను ‘డిస్కవరు’ చేసెనని ఇంగ్లీషు చదివినవారు చెప్పుచుందురు. దానినే మనము తెనుగున ‘కనుగొనెను’ అని పలుకుచున్నాము. ఈ పలుకుబడి న్యాయమైనదేనా యని విచారింతము.

ఆ మాట లాటినునుండి ఫ్రెంచిమీదుగ ఇంగ్లీషునకు వచ్చినది. దాని అవయవార్థము ‘కప్పు తీయుట’. క్రీ. శ. 1300 ప్రాంతమున అది రహస్యమును వెల్లడించుట యను అర్థమున వాడబడుచుండెను. షేక్‌స్పియరు ‘టెంపెస్టు’ నాటకమున (1611) చదరంగమాడుచున్న ఫర్డినాండు మిరాండాలను ప్రాస్పెరో ‘డిస్కవరు’ చేయును. అనగా తెర తొలగించి చూపును. వారచట నుండుట అతడెరిగినదే. క్రొత్తదానిని కనిపెట్టుట యను అర్థము పదునారవ శతాబ్దమున, ఓడలు దూరదేశములకు సాగిన కాలమున ప్రబలెను. పాత యర్థము వాడుకలో మాసినను న్యాయస్థానములందు నిలిచియున్నది. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులోని 11వ ఆర్డరు ‘డిస్కవరీ’ని గూర్చినది, వ్యాజ్యగాడు తనయొద్దనున్న దస్తావేజులను ఎదిరిపక్షమునకు వెల్లడించుటయే దాని తాత్పర్యము.

తెనుగున ఈ రెండర్థములకు వేర్వేరు మాటలు గలవు. ‘కనుగొను’ నందలి ‘కొను’ ఫలమును చూచినవానికే చెందించును. ‘బయలుపరచు’ మరుగుననున్న దానిని నలుగురి యెదుటికి తెచ్చును.

బ్రౌను 1820లో కడపకు వచ్చెను. మా కోయిలకుంట్ల అప్పుడు కడపజిల్లాలోనిదే. 1858లో కర్నూలుజిల్లాలో చేరినది. అతడు వ్రాతప్రతులను సేకరించి, పండితులచే సరిచూపించి, 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చొత్తించెను. అతనికంటె ముందే దుబ్వా యను ఫ్రెంచి పాదిరి తన గ్రంథమున వేమనను పేర్కొనియుండెను. ఆ పాదిరికంటెను ముందు తరతరములుగా సేద్యగాండ్రు, కూలివారు, పల్లెటూరి స్త్రీలు ఆ పద్యములను నోటికి పట్టి నిలిపిరి. వానిని కావ్యములుగ గణింపక మూలబెట్టినవారు మన పండితులే.

జనులు నివసించుచున్న అమెరికాను 1492లో కొలంబసు కనుగొనె ననునపుడు ఆ జనులు లెక్కకు రారు. బ్రౌను వేమనను కనుగొనె ననునపుడును అట్లే, పద్యములను కాపాడిన నిరక్షరాస్యులు లెక్కకు రాకపోవుదురు. కావున పిల్లలకు పాఠము చెప్పునపుడు బ్రౌను వేమనను ‘బయలుపరచెను’ అందము. ఆ మహోపకారి కీర్తి దీనివలన ఇసుమంతయు తగ్గదు.

నేటికిని మన పల్లెలలో తత్త్వములు, జానపదగేయములు పాడువారు గలరు. వానిని సేకరించి అచ్చువేయువారు, అవి యెవరి నోట విన్నారో ఆ పేరునుగూడ అచ్చువేయుట ధర్మము.