గుణదల

గుణదల ఎన్టీఆర్ జిల్లా విజయవాడ నగరంలోని ఒక ప్రాంతం. 1985 వరకు ఇది సొంత పంచాయతీ ఉన్న ఊరు. కొండ, ఏలూరు కాలువ, ఏలూరు రోడ్డు, రైలు మార్గం దగ్గరదగ్గరగా సాగే చోట ఇది ఎదిగింది. పేరు వినగానే చాలామందికి మేరీమాత పుణ్యక్షేత్రం గుర్తొస్తుంది. కృష్ణా డెల్టాలో కాలువ కింది పల్లె నగరంగా మారిన తీరు కూడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కాలువకు ముందు, తర్వాత

ఆనకట్ట లేని రోజుల్లో ఈ ప్రాంతపు సేద్యమంతా వానలు, చెరువుల మీదే నడిచేది. 1832–33లో నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు కృష్ణకు ఇరువైపులా పల్లెలను ఖాళీ చేసింది. ఒక్క గుంటూరు ప్రాంతంలోనే సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల మంది చనిపోయారని అంచనా. జనం దీన్ని డొక్కల కరువు అన్నారు. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కృష్ణకూ అలాంటిదే కావాలని పట్టుబట్టాడు. కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో బెజవాడ దగ్గర పని మొదలై 1855లో పూర్తయింది. ఆనకట్ట ఎడమ గట్టు నుంచి బయలుదేరే కాలువల్లో ఒకటైన ఏలూరు కాలువ గుణదల మీదుగా సాగుతుంది.

1952 వరదలో పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. దీని కింది ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు.

సేద్యం

కాలువలు వచ్చాక డెల్టా పల్లెల్లో ఏడాది లెక్క నీటి విడుదలతో ముడిపడింది. కాలువకు నీళ్లు వదలగానే నారుమళ్లు పోస్తారు, ఆపైన ఊడ్పులు, శీతకాలంలో కోతలు. తొలి పంట సార్వా. నీరు దొరికిన చోట రెండో వరి పంట దాళ్వా. దాళ్వాకు నీళ్లు చాలని పొలాల్లో అపరాలు పండిస్తారు. కోతకు కొద్ది రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న వరిలోనే మినుము, పెసర విత్తనాలు చల్లుతారు. వరి కోసేసరికి మొలకలు నేల పట్టుకుని ఉంటాయి. ఆ పొలాన్ని మళ్లీ దున్నరు, తడి పెట్టరు. నేలలో మిగిలిన పదును, రాత్రి మంచుతోనే పంట చేతికొస్తుంది. మాగాణి మినుము అనేది దీన్నే.

పడవలు, రైలు

ఏలూరు కాలువ సాగునీటికే పరిమితం కాలేదు. ఏలూరులో ఇది గోదావరి కాలువతో కలుస్తుంది. అటు కాకినాడ నుంచి ఇటు బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా సరుకు పడవలు తిరిగేవి. కృష్ణ మీద రైలు వంతెన 1893లో పూర్తయింది. ఆ దశాబ్దంలోనే తూర్పు తీర రైలు మార్గం వచ్చాక పడవల రవాణా క్రమంగా తగ్గింది. హౌరా–చెన్నై మార్గంలో హౌరా వైపు వెళ్తూ విజయవాడ దాటగానే వచ్చే స్టేషన్ గుణదల.

మాత కొండ

1924లో ఇక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమ రెక్టరు ఫాదర్ పి. అర్లాటి కొండ మీద మేరీమాత విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఫ్రాన్సులోని లూర్దు పట్టణంలో 1858 ఫిబ్రవరి 11న మాత తొలిసారి దర్శనమిచ్చిందని కథోలిక విశ్వాసం. గుణదల తిరునాళ్లు కూడా ఏటా ఆ తేదీతోనే ముగుస్తాయి. విజయవాడ కథోలిక మేత్రాసనం 1937లో ఏర్పడింది. ఇప్పటి చర్చి 1971 నాటిది.

ఉత్సవం మూడు రోజులు సాగుతుంది. లక్షల మంది వస్తారు, వారిలో క్రైస్తవేతరులూ ఎందరో. భక్తులు తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, కొండ మీది శిలువ దాకా మెట్లెక్కుతారు. తెలుగు నేల మీది జాతరకు, ఐరోపా నుంచి వచ్చిన మరియ భక్తికి ఇక్కడ చక్కగా పొత్తు కుదిరింది.

నగరంలో విలీనం

విజయవాడ మునిసిపాలిటీ 1888లో ఏర్పడి 1981లో కార్పొరేషన్ అయింది. 1985లో గుణదల, పటమట, భవానీపురం పంచాయతీలను, పాయకాపురం, కుందావారి కండ్రిక గ్రామాలను అందులో కలిపారు. అయితే పట్నం అంతకుముందే ఏలూరు రోడ్డు వెంట ఇటు జరగడం మొదలైంది. సమీపంలో ఆంధ్ర లయోలా కళాశాల 1950లలోనే వచ్చింది. విలీనంతో పొలాలు ఇళ్ల స్థలాలుగా మారడం ఊపందుకుంది. ఈఎస్ఐ ఆసుపత్రి ఇక్కడే ఉంది. రాష్ట్ర విభజన తర్వాత విద్యుత్ సంస్థల ప్రధాన కార్యాలయం విద్యుత్ సౌధ కూడా గుణదలలోనే ఏర్పాటైంది.

బుడమేరు

నగరం ఉత్తర భాగం గుండా కొల్లేరు వైపు పారే బుడమేరు ఏనికేపాడు వద్ద ఏలూరు కాలువను అడుగు నుంచి, సొరంగం గుండా దాటుతుంది. పైన సాగునీరు, కింద వరద నీరు. వరదను వెలగలేరు రెగ్యులేటరు దగ్గర కృష్ణలోకి మళ్లించే కాలువ ఉన్నా, 2024 సెప్టెంబరు మొదట్లో దాని గట్లకు గండ్లు పడి విజయవాడ ఉత్తర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. పూర్వం పొలం మునిగితే పంట పోయేది, అదే చోట ఇప్పుడు ఇళ్లు మునుగుతున్నాయి. సేద్యం తగ్గినా కాలువ గట్లు, మురుగు పారుదల బాగోగులు ఈ ప్రాంతానికి మునుపటికన్నా ఎక్కువ అవసరమయ్యాయి.