గాడు, గారు: కోనసీమ పల్లెలలో పిలుపు, పరిపాలనము

ప్రజలను నిరంకుశముగా నేలదలచినవాడు వారి పేరును, మాటను ముందుగా స్వాధీనము చేసికొనునని పాశ్చాత్యుల భయరాజ్యకథలు చెప్పుచున్నవి. రష్యా రచయిత జమ్యాతిన్ 1920, 1921 సంవత్సరములలో రచించిన ‘మేము’ అను నవలయందు మనుష్యులకు పేర్లు లేవు. అక్షరమును అంకెయు గలిసిన గుర్తులే కలవు. స్వదేశమున వెలువడ వీలులేక ఆ గ్రంథము 1924లో న్యూయార్కు నగరమున ఆంగ్లానువాదముగా నచ్చుపడినది. 1949లో వెలువడిన జార్జి ఆర్వెల్ నవల ‘1984’ నందలి ప్రభుత్వము భాషనుండి మాటలను తొలగించుచు పోవును. మాట లేనిచో తలపును పుట్టదని దాని యెత్తు. ఈ ఆర్వెల్ 1903లో బీహారునందలి మోతీహారిలో జన్మించినవాడు. 1922 మొదలు 1927 వరకు బర్మాలో పోలీసు ఉద్యోగము చేసి, పరపాలనమును పాలకుల పక్షమున నిలిచి చూచినవాడు.

ఆ 1922వ సంవత్సరముననే ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి ‘మాలపల్లి’ ముద్రితమయ్యెను. చెన్నపురి ప్రభుత్వము 1923లో దానిని నిషేధించి, కొన్ని భాగములు తీసివేసిన పిదప 1928లో ననుమతించినది. ఇందు ఊహాలోకమేదియు లేదు. ఒక పల్లె, ఒక కామందు, ఒక కూలి కుటుంబము, ఒక చెరసాల మాత్రమే కలవు. కామందు చేతి దెబ్బకు సంగదాసు మరణించును. పాశ్చాత్యులు రాబోవు కాలమున నిలిపిన భయరాజ్యమును పంతులుగారు తమ కాలపు గ్రామముననే చూపిరి. అయినను సర్కారు నిషేధమునకు ఆరంభమున్నట్లే అంతమును కలదు. గ్రామపు నిషేధములకు అట్టి తేదీలు లేవు.

ఈ భేదమును గోదావరీ తీరమువారు నాడే గుర్తించిరి. గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరతనము వలదని పాడి చెరసాల కేగిన కాలముననే, రాజమహేంద్రవరమునందలి కుసుమ ధర్మన్నగారు నల్లదొరతనమును వలదని గీతము రచించిరి. మొదటి దొరతనము కచ్చేరిలో నుండునది. రెండవది వాకిటిలో నుండునది.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమయందు ఆ రెండవ దొరతనము ఎట్లు నడచెనో చూడవలెను. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప కాలువల నీరు పారి, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములు వరిచేలతోను కొబ్బరితోటలతోను ప్రసిద్ధికెక్కినవి. ఆ చేలలో పాటుపడిన పాలేరు సంవత్సరమునకు ఇంత ధాన్యమని ఒప్పుకొని కామందు నింట పనికి కుదురువాడు. తెల్లవారకముందే పశువుల చావడికి వచ్చుట, చేను దున్నుట, రాత్రి కావలి కాయుట వాని విధులు. వాని పేరు చివర ‘గాడు’ చేరును. వాని నోట కామందు పేరు రాదు. ‘బాబుగారు’, ‘అయ్యగారు’ అను మాటలే వచ్చును.

ఆటగాడు, పాటగాడు అనుచోట్ల ‘గాడు’ నేర్పును చెప్పును. తల్లి తన బిడ్డ పేరునకు దానిని చేర్చినచో ముద్దును చెప్పును. అరువదేండ్ల పాలేరును కామందు కుమారుడైన పదేండ్ల బాలుడు ఆ మాటతో పిలిచినపుడు మాత్రము అది నేర్పును గాదు, ముద్దును గాదు; వయస్సునకు గూడ విలువలేదని చాటు శాసనము. ఈ శాసనమును ఏ ప్రభుత్వమును వ్రాయలేదు. గనుక ఏ ప్రభుత్వమును ఒక్క ఉత్తరువుతో రద్దుచేయ జాలదు. నిత్యజీవనమునందలి నిరంకుశత్వమునకు ఇదియే బలము. దానికి బంట్రోతు అక్కరలేదు. పిల్లవాని నోరు చాలును.

ఈ సంగతిని కోనసీమవారే సాహిత్యమున నిలిపిరి. రాజోలు ప్రాంతమున మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్నగారు ‘పాలేరు’ నాటకమున పాలేరు బిడ్డకు విద్యయే విమోచనమార్గమని చూపిరి. ముంగండలో జన్మించిన మహీధర రామమోహనరావుగారు ‘కొల్లాయిగట్టితేనేమి?’ అను నవలయందు, 1920 ప్రాంతపు జాతీయోద్యమము అగ్రహారపు గృహాచారములతో పెనగులాడిన తీరును చిత్రించిరి.

స్వరాజ్యము వచ్చినది, 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దు చేసినది. 1975 జూనులో అత్యవసరస్థితి ప్రకటింపబడి, పత్రికల నోరు కట్టుపడినది. అదే యేట అక్టోబరులో, అప్పునకు మనిషిని కట్టివేయు వెట్టిచాకిరిని రద్దుచేయుచు ఆర్డినెన్సు వెలువడినది. భీమన్నగారి ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యమునకు సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినదియు 1975లోనే. మాటను కట్టివేసిన ప్రభుత్వమే పాలేరు కట్టు విప్పుదుననుట చరిత్రయందలి వింత. అత్యవసరస్థితి 1977 మార్చిలో తొలగెను. గ్రామమునందలి పిలుపు అంత సులభముగా తొలగలేదు.

పేరునుగూర్చిన తగవు కోనసీమలో 2022లో మరల బయలుపడినది. ఆ యేట ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడెను. దాని పేరునకు డాక్టరు అంబేద్కరుగారి పేరు చేర్ప ప్రభుత్వము సంకల్పింపగా, మే 24న అమలాపురమున నిరసన హింసగా మారి, మంత్రియొకరి ఇల్లును శాసనసభ్యుడొకరి ఇల్లును అగ్నిపాలయ్యెను. పిదప ఆ పేరే స్థిరపడినది. సీమ పేరు మాత్రమే నిలువవలెనని వాదించుట వేరు. ఇండ్లకు నిప్పు పెట్టుట వేరు. ఒక పేరును గౌరవముతో పలుకవలసి వచ్చినపుడు ఇంత మంట యేల లేచెనని విచారించువారికి, పాలేరు పేరు చివరి ‘గాడు’ కొంత సమాధానము చెప్పగలదు.

జమ్యాతిన్ నవలలో గుర్తులను ఇచ్చినది రాజ్యము. కోనసీమలో పిలుపును ఇచ్చినది ఇరుగుపొరుగు. రాజ్యము కూలిన నాడు మొదటిది పోవును. రెండవది పలుకువాడు మానిన నాడు గాని పోదు. వ్యాకరణమున డకారమునకు రకారమును ఆదేశముగా చేయుటకు ఒక్క సూత్రము చాలును. ‘గాడు’ అను నోటితో ‘గారు’ అనిపించుటకు కోనసీమలో నూరేండ్లకు మించిన శ్రమ పట్టినది. అది ముగిసినదని చెప్పుటకు ఇంకను వీలులేదు.