చాప పక్కన కుర్చీ

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియాకు జూడోలో దక్కింది ఒకే ఒక్క స్వర్ణం. తెచ్చింది 21 ఏళ్ళ కిమ్ మి-జంగ్. 72 కిలోల విభాగం ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి యోకో తనాబెను ఓడించింది. అంతకు ముందు ఏడాది అదే నగరంలో ప్రపంచ చాంపియన్ అయింది కూడా ఆమే. 1984లో ఇద్దరు, 1988లో ఇద్దరు కొరియన్ పురుషులు జూడోలో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. స్త్రీలలో ఆమే మొదటిది.

ఈ 'మొదటి' అన్న మాట దగ్గర మనం కాస్త ఆగాలి. స్త్రీల చరిత్రలో అది ఎప్పుడూ రెండు సంగతులు చెబుతుంది. ఒకటి, ఆమె గెలిచిందని. రెండోది, అప్పటిదాకా తలుపు మూసి ఉందని.

ఆ తలుపు ఎవరు మూశారు, ఎవరు తెరిచారు? జూడోకి ఆద్యుడైన జిగోరో కానో 1893లోనే స్త్రీలకు నేర్పడం మొదలుపెట్టాడు. టోక్యోలోని ఆయన విద్యాలయం కొడోకాన్‌లో 1926లో స్త్రీల విభాగం ఏర్పడింది. అయితే స్త్రీలు నేర్చుకోవచ్చు గానీ పోటీ పడకూడదు. ఆయన శిష్యురాలు కెయికో ఫుకుడా దశాబ్దాలపాటు ఐదో డాన్ దగ్గరే ఉండిపోయింది. కారణం ప్రతిభ లేక కాదు, స్త్రీలకు ఆ పైన మెట్టు లేక. 1959లో న్యూయార్క్ రాష్ట్రంలో రస్టీ కనొకోగి మగవేషంలో పోటీకి దిగి గెలిచింది. ఆడదాన్నని ఒప్పుకోగానే పతకం వెనక్కి తీసుకున్నారు. ఆ అవమానాన్ని ఆమె ఊరికే మింగలేదు. 1980లో ఇల్లు తాకట్టు పెట్టి మరీ న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ మహిళా జూడో పోటీలు జరిపించింది. పురుషుల జూడో 1964లోనే ఒలింపిక్స్‌లో చేరింది. స్త్రీలది 1988లో సోల్‌లో కేవలం ప్రదర్శన క్రీడ. పతకాల లెక్కలోకి వచ్చింది 1992లో. అంటే 28 ఏళ్ళ తేడా. కిమ్ మి-జంగ్ మెడలో పడిన పతకం వెనుక, పతకాలు లాక్కోబడిన ఇందరు స్త్రీలున్నారు.

1994 హిరోషిమా ఆసియా క్రీడల్లోనూ ఆమె స్వర్ణం గెలిచింది. 1995లో చో మిన్-సన్, జంగ్ సంగ్-సుక్ ప్రపంచ చాంపియన్లయ్యారు. 1996లో చో మిన్-సన్ అట్లాంటాలో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత 2024 పారిస్ వరకూ ఏ కొరియన్ స్త్రీకీ ఒలింపిక్ జూడో స్వర్ణం రాలేదు.

మరి గెలిచిన స్త్రీల అనుభవం ఎక్కడికి పోయింది? కిమ్ మి-జంగ్ యోంగిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది. జాతీయ మహిళా జట్టు ప్రధాన కోచ్ పదవి మాత్రం 2021 చివరిదాకా ఏ స్త్రీకీ దక్కలేదు. అప్పుడు దక్కింది ఆమెకే. చాప మీదికి రావడానికి స్త్రీలకు 28 ఏళ్ళు పడితే, ఆ చాప పక్కన కోచ్ కుర్చీలో కూర్చోవడానికి మరో 29 ఏళ్ళు పట్టింది.

ఆ కుర్చీ కేవలం గౌరవ చిహ్నం కాదు. ఎవరు ఆడాలి, ఎవరు ఆగాలి, ఎవరి శరీరానికి ఎంత శిక్షణ అన్న నిర్ణయాలన్నీ అక్కడే జరుగుతాయి. 2019 జనవరిలో ఒక మాజీ కొరియన్ జూడో క్రీడాకారిణి, హైస్కూలు రోజుల్లో తన కోచ్ చేసిన అత్యాచారాల గురించి నోరు విప్పింది. ఆ ఏడాదే అతనికి జైలుశిక్ష పడింది. కుర్చీలో స్త్రీ కూర్చున్నంత మాత్రాన అధికారం మంచిదైపోదు, నిజమే. కానీ ఆడపిల్లల శరీరాల మీద అధికారమంతా పురుషుల చేతుల్లోనే ఉండటం సహజమనుకునే అలవాటుకి మాత్రం అది గండి కొడుతుంది.

కిమ్ మి-జంగ్ కోచ్‌గా ఉన్న కాలంలోనే, 2024 మేలో అబుదాబిలో, హొ మి-మి 57 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. కొరియన్ స్త్రీలకు 1995 తర్వాత అదే మొదటి ప్రపంచ టైటిల్. పారిస్‌లో ఆమెకి రజతం వచ్చింది. ఆమె టోక్యోలో పుట్టింది. తల్లి జపనీయురాలు, తండ్రి కొరియన్. కొరియా తరఫున ఆడమని చివరి కోరికగా చెప్పిన నాయనమ్మ మాట కోసం ఆమె జపాన్‌ని వదిలి వచ్చింది. తర్వాత ఆమె వంశంలో ఒక స్వాతంత్ర్య సమరయోధుడు ఉన్నాడని తేలింది. పత్రికలు ఆ పూర్వీకుడి వీరత్వాన్ని ఘనంగా రాశాయి. దేశభక్తికి వారసత్వం మగవాళ్ళ వైపు నుంచే వెతకడం మనకు కొత్తేమీ కాదు. కానీ ఆ అమ్మాయిని కొరియాకు నడిపించింది నాయనమ్మ. చాప పక్కన కూర్చుని ఆడించింది, మూడు దశాబ్దాల కిందట అదే చాప మీద గెలిచిన మరో స్త్రీ.

పతకాల పట్టికలో ఈ ఇద్దరికీ గడి లేదు.